టమాటా బొమ్మ ఎవరి సొత్తు?

రామసముద్రం మండలంలో టమాటా రైతు మదనపల్లె మార్కెట్‌కు సరుకు తోలే ముందురోజు రాత్రి మండీకి వాట్సాప్‌లో కబురు పెడతాడు. రేపు ఇన్ని క్రేట్లు వస్తున్నాయని రాసి, చివర ఎర్రటి టమాటా బొమ్మ ఒకటి నొక్కుతాడు. అప్పుడు ఆయన ఫోను నుంచి బయలుదేరేది బొమ్మ కాదు, 127813 అనే సంఖ్య. ప్రపంచంలో వాడుకలో ఉన్న లిపుల అక్షరాలన్నిటికీ తలా ఒక సంఖ్య ఇచ్చిన యూనికోడ్ పట్టికలో టమాటాకు దక్కిన సంఖ్య అది. మన 'ట'కు అదే పట్టికలో 3103 ఉంది. కంప్యూటర్ దృష్టిలో ఆ కాయకూ ఈ అక్షరానికీ జాతి తేడా ఏమీ లేదు.

ప్రయాణంలో ఆ సంఖ్య 240, 159, 141, 133 అనే నాలుగు ముక్కలుగా, అంటే నాలుగు బైట్లుగా వెళ్తుంది. టమాటా అని తెలుగులో రాస్తే ట, మ, దీర్ఘం, ట, దీర్ఘం కలిపి ఐదు సంకేతాలు. ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున పదిహేను. మండీ యజమాని ఫోను ఆ నాలుగు బైట్లను అందుకుని, మళ్లీ సంఖ్యగా కలిపి, తన దగ్గరున్న ఫాంటులో ఆ సంఖ్యకు ఏ బొమ్మ ఉందో వెతికి తెర మీద వేస్తుంది. ఐఫోన్ అయితే ఆపిల్ వాళ్లు గీసిన టమాటా, శాంసంగ్ అయితే శాంసంగ్ వాళ్లు గీసిన టమాటా కనిపిస్తుంది. తొడిమ ఆకారం, ఎరుపు చాయ, మీద పడే మెరుపు ఒక్కో కంపెనీలో ఒక్కో తీరు. పంపినవాడికి ఆ బొమ్మ మీద పెత్తనం లేదు. కంపెనీ ప్రచారంలో ఎమోజీ వాడాలనుకునే వాళ్లందరూ ముందుగా గ్రహించాల్సింది ఇదే.

ఎందుకంటే బ్రాండు ముద్రకు ఉండాల్సిన మొదటి గుణం ఎక్కడ చూసినా ఒకేలా ఉండటం. 1977లో కోకా కోలా దేశం విడిచి వెళ్లాక పార్లే సంస్థ థమ్స్ అప్ తెచ్చింది. సీసా మీద పైకెత్తిన ఎర్రటి బొటనవేలు ఉంటుంది. 1993లో కోకా కోలా తిరిగొచ్చి ఆ పానీయాన్ని కొనుక్కుంది గానీ వేలి జోలికి పోలేదు. చిరంజీవి ప్రకటనల కాలంలోనూ, మహేశ్‌బాబు ప్రకటనల కాలంలోనూ ముద్ర అదే. మదనపల్లె బస్టాండులో కొన్నా కుప్పం రైల్వే స్టేషన్ దగ్గర కొన్నా ఆ వేలు మారదు. ఫోనులోని బొటనవేలు అలాంటిది కాదు. అది మామూలుగా పసుపుపచ్చగా ఉంటుంది. 2015 నుంచి ఐదు చర్మపు రంగుల్లో ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు. గీసే తీరు ఫోనును బట్టి మారుతుంది. థమ్స్ అప్ వాళ్లు ఆ ఎమోజీని తమ ప్రచారంలో ఎంత వాడుకున్నా తమ సీసా మీది వేలిగా దాన్ని మార్చుకోలేరు.

బొమ్మతో సరుకును గుర్తుపట్టడం మనకు ఫోన్లతో వచ్చిన అలవాటు కాదు. కుప్పం సంగతే చూడండి. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక కలిసేచోట ఉన్న ఊరు. అక్కడ ఒకే అంగడికి తెలుగు, తమిళం, కన్నడం చదివేవాళ్లు వస్తారు, ఏదీ చదవలేనివాళ్లూ వస్తారు. అగ్గిపెట్టె కావాలన్నా సబ్బు కావాలన్నా బొమ్మ చెప్పి అడగడం పెద్దవాళ్లకు నేటికీ అలవాటు. ఈ అవసరాన్ని మొత్తం దేశం స్థాయిలో తీర్చింది ఎన్నికల సంఘం. 1951లో దేశంలో చదవగలిగినవాళ్లు వందకు పద్దెనిమిది మంది. అందుకే తొలి సాధారణ ఎన్నికల నుంచే పార్టీలకు బొమ్మలు ఇచ్చారు. ఎన్నికల సంఘంలో చిత్రకారుడిగా పనిచేసి 1992లో పదవీ విరమణ చేసిన ఎం.ఎస్. సేఠీ పెన్సిలుతో గీసిన గుర్తులు ఎన్నో ఇప్పటికీ బ్యాలెట్ మీద కనిపిస్తున్నాయి. నల్ల గీతలతో సాదాగా, ఎంత చిన్నగా అచ్చువేసినా ఆనవాలు పట్టేలా గీశారు వాటిని. ముద్రల రూపకల్పన నేర్చుకునే విద్యార్థికి మన దేశంలో ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదని నా నమ్మకం.

ఇప్పుడు ఆ గుర్తులు ఫోన్లలోకి వచ్చేసరికి ఒక చిత్రమైన పరిస్థితి ఏర్పడింది. తెలుగుదేశం సైకిలుకు ఎమోజీ ఉంది. బీజేపీ కమలానికి 2021లో యూనికోడ్‌లో చోటు దొరికింది. వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తయిన ఇంట్లో తిరిగే ఫ్యానుకు ఎమోజీ లేదు. ఉన్నదల్లా చేత్తో విసురుకునే మడత విసనకర్ర, అదీ 2022లో వచ్చింది. జనసేన గాజు గ్లాసుకు దగ్గరగా ఉన్నది పాలు నింపిన గ్లాసు. ఏ పార్టీ కూడా ఫోనును దృష్టిలో పెట్టుకుని గుర్తు కోరుకోలేదు. అయినా ఇవాళ ఒక పార్టీ కార్యకర్త ఒక్క వేలితో పంపగలిగే గుర్తు కోసం మరో పార్టీ కార్యకర్త స్టిక్కరు తయారుచేసుకోవాల్సి వస్తోంది. యూనికోడ్ పట్టికలో ఏముంది, ఏం లేదు అన్నది ప్రచారాన్ని ఇలా ప్రభావితం చేస్తుంది.

ఎమోజీల పూర్వచరిత్ర కూడా కంపెనీల చరిత్రే. నవ్వే పసుపు ముఖాన్ని 1963లో అమెరికాలోని వూస్టర్ పట్టణంలో హార్వీ బాల్ అనే చిత్రకారుడు గీశాడు. అడిగింది ఒక బీమా కంపెనీ. వేరే సంస్థతో విలీనమయ్యాక ఉద్యోగులు దిగులుగా ఉన్నారట, వాళ్ల ఉత్సాహం కోసం. బాల్‌కు ముట్టింది 45 డాలర్లు. ఆయన దాన్ని తన పేర రిజిస్టరు చేసుకోలేదు, ఆ బీమా కంపెనీ కూడా చేసుకోలేదు. తర్వాత 1970లలో ఫ్రాన్స్‌లో ఫ్రాంక్లిన్ లూఫ్రానీ అలాంటి ముఖాన్నే రిజిస్టరు చేసుకుని పెద్ద వ్యాపారం కట్టాడు. ఆ కుటుంబపు కంపెనీకీ వాల్‌మార్ట్‌కూ నవ్వు ముఖం ఎవరిదన్న దావా ఏళ్ల తరబడి నడిచింది.

ఫోన్లలోకి వస్తే, 1999లో జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమో అనే టెలిఫోన్ కంపెనీ కోసం షిగెతాకా కురీతా 176 బొమ్మలు తయారుచేశాడు. ఒక్కో బొమ్మకు అడ్డం పన్నెండు చుక్కలు, నిలువు పన్నెండు చుక్కలు. ఆ 144 చుక్కల్లోనే వాన, గుండె, రైలు అన్నీ ఇమడాలి. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 2016లో ఆ మొత్తాన్ని తన సేకరణలో చేర్చుకుంది. జపాన్‌లో మూడు ఫోను కంపెనీలు మూడు రకాల సంకేతాలు వాడుతుండటంతో ఒకరి ఫోను నుంచి పంపిన గుండె మరొకరి ఫోనులో పిచ్చిగీతగా వచ్చేది. 2010లో యూనికోడ్ 6.0తో అందరికీ ఒకే సంఖ్య వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. మన రూపాయి గుర్తు కూడా ఆ ఏడే, అదే 6.0లోనే చేరింది.

కొత్త ఎమోజీ కావాలని ఎవరైనా యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన పంపవచ్చు. 2019లో చీర, ఆటో, ప్రమిద, హిందూ దేవాలయం ఒకేసారి వచ్చాయి. మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టుచీరల వ్యాపారులకు ఆ ఏడుదాకా చీర బొమ్మే లేదన్నమాట. అయితే ఒక కచ్చితమైన నిషేధం ఉంది. కంపెనీ ముద్రలు, బ్రాండు పేర్లు, ఫలానా వ్యక్తులు, దేవుళ్లు అయితే ప్రతిపాదన దశలోనే తిరస్కరిస్తారు. కంపెనీలకు ఆ దారి మూసి ఉంది కాబట్టి ట్విటర్ వేరే ఏర్పాటు చేసింది. 2015లో కోకా కోలా డబ్బు కట్టి తన హ్యాష్‌ట్యాగ్ పక్కన ప్రత్యేకమైన బొమ్మ కనిపించేలా చేయించుకుంది. 2019లో ప్రభాస్ 'సాహో'కు కూడా అలాంటి బొమ్మ వచ్చింది. అది యూనికోడ్ అక్షరం కాదు, ఆ వేదిక తన తెర మీద అద్దెకిచ్చిన చోటు. గడువు తీరగానే పోతుంది. ఆ హ్యాష్‌ట్యాగ్‌ను వాట్సాప్‌లో అతికిస్తే బొమ్మ రాదు.

పుంగనూరు ఆవు విషయంలో ఈ బొమ్మల పరిమితి స్పష్టంగా తెలుస్తుంది. పుంగనూరు జాతి ఆవు ఎత్తు దాదాపు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పెద్దమనిషి నడుము దాకా కూడా రాదు. తెలుపు, లేత బూడిద రంగులు ఎక్కువ. ప్రపంచంలోనే అతి పొట్టి పశుజాతుల్లో అదొకటి, ఆ పొట్టితనమే దాని పేరు ప్రతిష్ఠ. ఆ పాలతో నెయ్యి కాచి అమ్మేవారు సీసా చీటీ మీదో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఆవు ఎమోజీ పెట్టారనుకోండి, చాలా ఫోన్లలో కనిపించేది నల్ల మచ్చలున్న తెల్లని పెద్ద పొదుగు ఆవు. ఇక్కడి పల్లెల్లో దాన్ని సీమావు అంటారు. ఏది కాదని చెప్పి వెయ్యి రూపాయల నెయ్యిని అంతకంటే ఎక్కువకు అమ్ముతున్నారో, సరిగ్గా దాని బొమ్మే సరుకు మీద పెట్టినట్టయింది. ఎమోజీ జంతువును చెప్పగలదు తప్ప ఊరును చెప్పలేదు. పుంగనూరు ఆవును అమ్ముకునేవాళ్లకు కావాల్సింది ఊరే.

రైతు ఎమోజీ ఎలా తయారైందో కూడా చూడాలి. 2016లో వచ్చిన ఆ బొమ్మకు సొంత సంఖ్య లేదు. మనిషి సంఖ్య, వరికంకి సంఖ్య, ఆ రెంటి మధ్య కంటికి కనిపించని ఒక జోడింపు సంకేతం, ఈ మూడూ వరసగా వస్తే కొత్త ఫోను వాటిని కలిపి రైతును చూపిస్తుంది. పాత ఫోను కలపలేక మనిషినీ కంకినీ విడివిడిగా వేస్తుంది. తెలుగులో టైపు చేసేవాళ్లకు ఈ కనిపించని సంకేతాల కుటుంబం పరిచయమే. 'ఫోన్‌లో' అని రాసేటప్పుడు న కింద ల వత్తు పడకుండా ఆపేది ఆ జోడింపు సంకేతానికి తోబుట్టువు, విడదీసే సంకేతం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం మధ్యలో ఆ విడదీసే సంకేతం చేరి ఒక మెసేజ్‌గా తిరిగింది. దాన్ని అందుకున్న ఐఫోన్లలో ఆ మెసేజ్ తెరిచిన యాప్ కుప్పకూలింది. విజ్ఞానం అన్న మాటలోని అక్షరమది. ఆపిల్ ఆ నెల 19న కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చి సరిచేసింది. అక్షరాలను, ఎమోజీలను కలిపి బొమ్మకట్టే పని ఎంత సున్నితమైనదో తెలుగు అక్షరం వల్లే లోకానికి ఆ వారం తెలిసింది.

బొమ్మ ఈరోజు ఉన్నట్టు రేపు ఉంటుందన్న హామీ కూడా లేదు. 2016లో ఆపిల్ తుపాకి ఎమోజీని ఆకుపచ్చ నీళ్ల పిచికారీగా మార్చింది. 2018కల్లా మిగతా కంపెనీలూ మార్చాయి. 2024లో ఎక్స్ (ఒకప్పటి ట్విటర్) మళ్లీ తుపాకి పెట్టింది. 2017లో గూగుల్ బర్గర్ బొమ్మలో చీజ్ ముక్క అడుగున ఉందని జనం ఎత్తిచూపితే, మిగతా పనులన్నీ పక్కనపెట్టి సోమవారం ఆ సంగతే చూస్తామని సుందర్ పిచాయ్ స్వయంగా ప్రకటించి మార్పించారు. మరుసటి ఏడు సలాడ్ బొమ్మలోంచి కోడిగుడ్డు తీసేశారు. ఆ గుడ్డును నమ్ముకుని ఏదైనా హోటలు తన మెనూ ప్రకటన తయారుచేసుకుని ఉంటే దానికి ముందస్తు నోటీసు ఇచ్చేవాళ్లెవరూ లేరు.

పెద్ద కంపెనీలు ఎమోజీలతో ఏం సాధించాయో చూడటానికి 2015 మంచి సంవత్సరం. ఆ మే నెలలో అమెరికాలో డామినోస్ ఒక పద్ధతి పెట్టింది. ముందే వివరాలు నమోదు చేసుకున్నవాళ్లు ట్విటర్‌లో పిజ్జా ఎమోజీ ఒక్కటి పంపితే ఆర్డరు వెళ్లిపోయేది. కాన్ ప్రకటనల ఉత్సవంలో దానికి పెద్ద బహుమతి వచ్చింది. ఆ జూన్‌లోనే షెవ్రొలే కంపెనీ కొత్త కారు గురించిన పత్రికా ప్రకటన మొత్తాన్ని ఎమోజీలతోనే విడుదల చేసింది. ఒక్క వాక్యమైనా పూర్తిగా అర్థం చేసుకోవడం కష్టమైంది. మర్నాడు అర్థం వివరించాల్సి వచ్చింది. తేడా ఎక్కడుంది? పిజ్జా బొమ్మకు ఆ సందర్భంలో ఒకే అర్థం, ఒకే పని. షెవ్రొలే ఎమోజీలతో వాక్యాలు కట్టబోయింది. ఎమోజీల్లో నామవాచకాలు బోలెడున్నాయి గానీ విభక్తులు లేవు, కాలాలు లేవు, కాదు అని చెప్పే వ్యాకరణం లేదు. 'టమాటా వచ్చింది', 'టమాటా రాలేదు', 'టమాటా వస్తే' అనే మూడు మాటలకూ బొమ్మ ఒకటే.

ముఖాల సంగతి ఇంకా చిక్కు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో అచ్చం ఒకే బొమ్మను వేర్వేరు మనుషులకు చూపి, అందులో ఉన్నది సంతోషమా, బాధా, రెండూ కాదా అని అడిగారు. నాలుగింట ఒకసారి ఇద్దరి మాట కలవలేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో నవ్వుతూ కన్నీళ్లు కార్చే ముఖాన్ని, 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఏటి మాటగా ఎంచుకున్న ముఖాన్ని, చావు కబురు కింద ఏడుపుగా పెట్టే పెద్దవాళ్లను చూస్తూనే ఉంటాం. వాళ్లు చూసింది కన్నీళ్లను. జోడించిన చేతులు జపాన్‌లో వేడుకోలుకూ కృతజ్ఞతకూ వాడేవి, మనకు నమస్కారం. సంతాపానికీ, పండుగకూ, దేవుడికీ, బాకీ గడువు కోరడానికీ మనం అదే వాడతాం. కంపెనీ తన ఖాతాదారుకు అది పంపినప్పుడు ఇన్నిటిలో ఏది అనుకోవాలో పక్కనున్న వాక్యమే చెప్పాలి.

వ్యాపారంలో ఇది డబ్బు లెక్క దాకా వెళ్తుంది. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో 2021 మార్చిలో ఒక ధాన్యం కొనుగోలు కంపెనీ ప్రతినిధి ఒక రైతుతో ఫోనులో మాట్లాడి, 87 టన్నుల అవిసెలు నవంబరులో ఇచ్చేలా ఒప్పందపత్రం రాసి, సంతకం పెట్టి, దాని ఫొటో పంపి, ఖరారు చేయమని మెసేజ్ పెట్టాడు. రైతు బొటనవేలి ఎమోజీ పంపాడు. నవంబరు వచ్చేసరికి బుషెల్ (అక్కడి ధాన్యపు కొలత) ధర 17 డాలర్ల నుంచి 41కి ఎగబాకింది. రైతు సరుకు ఇవ్వలేదు. పత్రం అందిందని చెప్పానే తప్ప ఒప్పుకున్నానని చెప్పలేదన్నది ఆయన వాదన. 2023 జూన్‌లో కోర్టు అంతకుముందు వాళ్లిద్దరి మధ్య జరిగిన వ్యవహారాలు తిరగేసింది. గతంలో ఇలాంటి పత్రాలకే ఆయన 'ఓకే', 'బాగుంది' అని జవాబిచ్చి సరుకు తోలి ఉన్నాడు. ఈ వేలూ అలాంటి సంతకమేనని తేల్చి 82 వేల కెనడా డాలర్లకు పైగా చెల్లించమంది. 2024 డిసెంబరులో పై కోర్టు కూడా ఆ తీర్పును నిలబెట్టింది.

మన దగ్గర మద్రాసు హైకోర్టు 2024లో అదే బొటనవేలిని వేరేలా చదివింది. ఒక రైల్వే రక్షణ దళ కానిస్టేబుల్ తన పైఅధికారి హత్య గురించిన మెసేజ్‌కు బొటనవేలు పెట్టాడని ఉద్యోగం తీసేశారు. చూశానని తెలపడానికి అది వాడి ఉండవచ్చు, హత్యకు సంబరపడ్డాడని అనుకోలేమని కోర్టు ఆయన పక్షాన నిలిచింది. రెండు తీర్పులకూ పొంతన లేదని నేననుకోను. రెండుచోట్లా న్యాయమూర్తులు బొమ్మను కాదు, ఆ ఇద్దరి మధ్య పూర్వాపరాలను చదివారు. మదనపల్లెలో 2023 జూలైలో కిలో టమాటా ధర రెండు వందల రూపాయల దరిదాపులకు ఎక్కిన సంగతి ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. ధర అంతలా కదిలే సరుకులో ఎవరైనా పాత రేటుకు వేలు పెట్టి ఉంటే ఆ ఒక్క నొక్కుడు విలువ ఎంతో లెక్కవేసుకోవచ్చు. రేటు, తూకం, తేదీ మాటల్లో రాసి 'ఒప్పుకుంటున్నాను' అని అక్షరాల్లోనే పెట్టమని రైతులకూ మండీలకూ చెబుతాను.

పైగా సరుకు గురించి ముఖ్యమైన విషయం ఎమోజీలో అసలు లేదు. ఢిల్లీ లారీకి ఎక్కించే కాయ దోరగా ఉండాలి, పక్కూరి అంగడికి పండు కావాలి, చట్నీల ఫ్యాక్టరీకి బాగా ఎర్రబడింది కావాలి. ఫోనులోని టమాటా ఎప్పుడూ మాగి మిలమిలలాడుతూనే ఉంటుంది. ఎస్సెమ్మెస్ పంపే సంస్థలకు ఇంకో లెక్క ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క ఎమోజీ చేరితే మొత్తం మెసేజ్ వేరే పద్ధతిలోకి మారి హద్దు 70కి పడిపోతుంది, ఆ ఎమోజీ ఒక్కటే రెండు అక్షరాల చోటు తింటుంది. తెలుగు మెసేజ్‌కు మొదటి నుంచీ హద్దు 70యే. వేలమందికి పంపే పాల సంఘానికి ఒక నవ్వు ముఖం వల్ల బిల్లు రెట్టింపు కావచ్చు. చూపు లేనివాళ్లు వాడే ఫోన్లు ఎమోజీలను పేరు పెట్టి చదివి వినిపిస్తాయి. వరసగా పది టమాటాలు పెడితే ధర చెవిన పడేలోపు పదిసార్లు టమాటా అని వినాలి. కాబట్టి ఒకటి చాలు, అదీ వాక్యం చివర.

క్రేట్ మీదో, నెయ్యి సీసా మీదో అచ్చువేయించేవాళ్లు ఫోను తెరను ఫొటో తీసి ముద్రణకు ఇవ్వకండి. ఆపిల్ బొమ్మల మీద హక్కు ఆపిల్‌దే. తప్పనిసరిగా ఎమోజీయే కావాలంటే స్వేచ్ఛగా వాడుకోవడానికి గూగుల్ విడుదల చేసిన నోటో బొమ్మలున్నాయి. అవి అందరివీ కాబట్టి మీ సరుకును పక్కవాడి సరుకు నుంచి వేరుచేసి చూపలేవు. 1999 నాటి మన ట్రేడ్‌మార్కుల చట్టం ముద్రను అడిగేది సరిగ్గా ఆ గుణమే. రామసముద్రంలోనో పుంగనూరులోనో చెయ్యి తిరిగిన బోర్డు పెయింటరుతో మీ టమాటానో మీ పొట్టి ఆవునో మీదైన తీరులో గీయించుకోండి. తాజా కూరగాయలకు 31వ తరగతి, పాలు నెయ్యికి 29వ తరగతి. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చూసేది చెన్నై కార్యాలయం. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు, రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు.